చమురు మన గడ్డమీద, ధర ఎవరి చేతిలో?



ఈవేళ నేను చెప్పబోయేది పచ్చళ్ళ గురించి కాదు, కుట్లూ అల్లికల గురించీ కాదు. పెట్రోలు ధర గురించి. "అదేదో మగవాళ్ళు చూసుకునే వ్యవహారం కదా" అని రేడియో కట్టేయకండి. మనలో స్కూటరు నడిపేవాళ్ళు ఇవాళ ఎంతోమంది ఉన్నారు. నడపనివాళ్ళం కూడా ఆ ధర కడుతూనే ఉన్నాం. కర్నూలు ఉల్లిపాయ, మదనపల్లి టమాటా, తెల్లవారకముందే గుమ్మంలోకి వచ్చే పాల ప్యాకెట్టు, పిల్లల్ని బడికి తీసుకెళ్ళే ఆటో - ఇవన్నీ చమురు పోసుకునే మన ఇంటికి వస్తున్నాయి. లారీ కిరాయి రూపాయి పెరిగితే సంతలో కూర పావలా అయినా పెరుగుతుంది. నెలాఖరుకు ఆ పావలాలు లెక్క పెట్టుకునేది మనమే గనుక, ఈ విషయం మనకూ తెలిసి ఉండాలి.

2024 జనవరి 7న కాకినాడకు ఎదురుగా నడిసముద్రంలో ఓఎన్‌జీసీ వారి బావి నుంచి మొదటిసారి ముడిచమురు పైకి వచ్చింది. పేపర్లలో పెద్ద అక్షరాలతో వేశారు. అప్పటినుంచీ నలుగురు ఆడవాళ్ళు కూడినచోటల్లా ఒకటే మాట వింటున్నాను. "మన గోదావరి సముద్రంలోనే చమురు పడిందటండీ. ఇంకా బావులు తవ్వితే మనకు పెట్రోలు చవకవుతుంది కదా? ఆ అరబ్బు దేశాలవాళ్ళ కాళ్ళు పట్టుకోవలసిన ఖర్మ మనకెందుకు?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతుక్కోవాలంటే ముందు మామిడితోటలోకి వెళ్ళాలి.

మా జి. కొండూరు, మైలవరం, నూజివీడు - ఇదంతా మామిడి సీమ. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టరు కాయ, అన్నీ మా చుట్టుపక్కలే కాస్తాయి. ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే నున్న మార్కెట్టు ముందు బళ్ళు బారులు తీరి ఉంటాయి. ఉత్తరాది నుంచి వ్యాపారులు దిగుతారు. మరి తోట పక్కనే కాపురం ఉన్న మాకు బంగినపల్లి చవకగా వస్తోందనుకుంటున్నారా? రాదు. నున్నలో టన్ను ఇంత అని ధర పలికిన తర్వాత, తోటవాడు ఆ ధర వదులుకుని మనకు సగానికి ఎందుకు ఇస్తాడు? మొహమాటపడి, పచ్చడికని నాలుగు రాలుకాయలు చేతిలో పెడతాడు, అంతే. తోట ఊళ్ళో ఉంది గాని, ధర ఊళ్ళో లేదు.

చమురు సంగతీ అంతే. పేపర్లో బారెలు ధర అని చదువుతుంటాం. బారెలంటే 159 లీటర్ల కొలత. ఆ ధర లండన్, న్యూయార్క్, సింగపూరు బజార్లలో తేలుతుంది. మనదేశంలో 2002 ఏప్రిల్ దాకా ప్రభుత్వమే ముడిచమురుకు ధర కట్టేది. ఆ పద్ధతి ఎత్తేసిన తర్వాత, ఓఎన్‌జీసీ తీసిన చమురుకైనా సరే రిఫైనరీవారు అంతర్జాతీయ ధరను బట్టే డబ్బు కట్టాలి. అంటే విశాఖపట్నం రిఫైనరీకి గల్ఫు నుంచి ఓడలో వచ్చినా, మన గోదావరి సముద్రం నుంచి వచ్చినా ముడిచమురు ఖరీదు ఇంచుమించు ఒకటే. ఓడ కిరాయిలో కాస్త తేడా ఉంటే ఉండవచ్చు. అక్కడ శుద్ధి అయిన పెట్రోలు గొట్టంలో విజయవాడ వైపు వచ్చి, మా పక్కనున్న కొండపల్లి డిపోల్లో టాంకర్లకెక్కి, మా రోడ్డు మీదుగా బంకులకు పోతుంది. ఆ టాంకరులో ఉన్నది మన చమురా పరాయి చమురా అని బంకువాడికీ తెలియదు, బండికీ తెలియదు, ధరకూ తెలియదు.

"సరేనమ్మా, ఇంకా ఎక్కువ తవ్వితే సరుకు పెరిగి ధర దిగదా?" అంటారేమో. దిగుతుంది. కాని ఎంత ఎక్కువ తవ్వితే? మా ఊళ్ళో ఒక రైతు ఇంకో పది మామిడిచెట్లు పెట్టినంత మాత్రాన నున్న ధర కదలదు. దేశమంతటా కాపు విరగకాస్తే మాత్రం పడిపోతుంది. ప్రపంచం రోజుకు సుమారు 10 కోట్ల బారెళ్ళ చమురు వాడుతోంది. కాకినాడ సముద్రంలోని ఆ క్షేత్రం పూర్తిగా అందుకుంటే రోజుకు 45 వేల బారెళ్ళు వస్తాయని 2024లో చెప్పారు. అంటే లోకం వాడే రెండువేల బారెళ్ళలో ఒక్క బారెలైనా కాదు. పోనీ మనదేశం లెక్కే చూడండి. మనం రోజుకు 50 లక్షల బారెళ్ళ పైచిలుకు వాడుతున్నాం. 45 వేల బారెళ్ళు మన దేశానికి రోజులో పన్నెండు పదమూడు నిమిషాలకు సరిపోతాయి. ఎసట్లో బియ్యం పోసి, అన్నం ఉడికి వార్చేలోపల అయిపోతాయన్నమాట!

ఆ పన్నెండు నిమిషాల చమురు రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా? ఆ క్షేత్రం ఓఎన్‌జీసీ చేతికి వచ్చింది 2005లో. నూనె చుక్క పైకి వచ్చింది 2024లో. ఆ ఏడు పుట్టిన పిల్ల స్కూలు చదువు ముగించి కాలేజీకి పోతోంది. మామిడి అంటు అయినా నాలుగైదేళ్ళకు కాపుకొస్తుంది గదా! సముద్రం అడుగున బావి అంటే మాటలు కాదు. ముందు ధ్వని తరంగాలు పంపి నేల లోపలి పొరలను చూస్తారు. ఆ తర్వాత కోట్లు ఖర్చుపెట్టి బావి వేస్తారు. కొన్నింట్లో ఏమీ పడదు. పడ్డచోట గొట్టాలు వేయాలి, ఓడ నిలపాలి. ఇవాళ బంకులో ధర పెరిగిందని ఇవాళ బావి మొదలుపెడితే, దాని ఫలితం మన మనవల కాలానికి అందుతుంది.

పైగా బావి ఒకసారి పడితే అక్షయపాత్ర కాదు. మన కృష్ణా-గోదావరి గడ్డ ఈ పాఠం మనకు బాగా చెప్పింది. 1978లో నర్సాపురం దగ్గర తొలి బావి వేశారు. 1987లో అమలాపురం తీరానికి ఎదురుగా రవ్వ క్షేత్రం కనిపెట్టారు. అది బాగా సాగిన రోజుల్లో రోజుకు 50 వేల బారెళ్ళు ఇచ్చి, తర్వాత క్రమంగా తగ్గింది. 2009 ఏప్రిల్‌లో రిలయన్సు వారి డి-6 క్షేత్రం నుంచి గ్యాసు మొదలైనప్పుడు, ఇక ఆంధ్రదేశం మరో గల్ఫు అవుతుందన్నారు. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 2014 నాటికి అందులో నాలుగో వంతుకు పడిపోయింది. కరెంటు కేంద్రాలకు ఆ గ్యాసు 2013లోనే ఆగిపోయింది. దానిమీద ఆశపెట్టుకున్న కేంద్రాలు మూలనపడ్డాయి. 2020 డిసెంబరులో అదే చోట కొత్త బావుల నుంచి గ్యాసు మళ్ళీ మొదలైంది. అందుచేత భూమి లోపలి సరుకును నమ్ముకుని ముందే ఖర్చు రాసుకోకూడదు.

దేశం మొత్తానికీ ఇదే కథ. 2011-12లో మనం సుమారు 3 కోట్ల 80 లక్షల టన్నుల ముడిచమురు తీశాం. 2023-24లో తీసింది 2 కోట్ల 94 లక్షల టన్నులే. పాత బావులు ముసలివయ్యాయి, మన వాడకం పెరిగింది. 2015లో ప్రధానమంత్రి, అప్పటికి నూటికి 77 వంతులున్న దిగుమతిని 2022 నాటికి 67 వంతులకు దించుదామని లక్ష్యం చెప్పారు. ఆ గడువు దాటేసరికి అది 87కు చేరింది. తవ్వవద్దని ఎవరూ అనలేదు. తవ్వుతూనే ఉన్నాం. మన గడ్డ కింద ఉన్నది అంతంత మాత్రం.

ఇక్కడ ఒక చెల్లెలు గట్టిగానే అడగవచ్చు. "మన ఓఎన్‌జీసీ సర్కారుదే కదా! మన చమురు మనకు సగం ధరకు ఇవ్వమని ఉత్తర్వు వేస్తే పోలా?" లెక్క వేసి చూద్దాం, పాలవాడి ఖాతా లెక్కంత సులువే. 2024లో బారెలు 80 డాలర్లు, డాలరు 83 రూపాయలు అనుకుందాం. బారెలుకు 6,640 రూపాయలు. దాన్ని 159 లీటర్లకు పంచితే లీటరు ముడిచమురు సుమారు 42 రూపాయలు. అందులో ఎనిమిదో వంతే మన దేశానిది. ఆ ఎనిమిదో వంతును సగం ధరకు ఇస్తే మొత్తం మీద లీటరుకు కలిసొచ్చేది రెండున్నర రూపాయలు. ఆ రెండున్నరా ఎక్కడినుంచి వస్తుంది? ఓఎన్‌జీసీ రాబడి నుంచే. కొత్త బావి వేయడానికి దాచుకున్న డబ్బు తీసి, ఇవాళ పెట్రోలులో పోసినట్టవుతుంది. కొన్నేళ్ళు ఆ పని చేసి కూడా చూశాం. 2003 తర్వాత చాలా ఏళ్ళపాటు డీజిలూ, కిరసనాయిలూ, వంటగ్యాసూ తక్కువ ధరకు అమ్మడానికి అయిన నష్టంలో ఏటా వేల కోట్లు ఓఎన్‌జీసీయే భరించింది. విత్తనాల గింజలు వండుకు తినడం అంటే అదే కదా.

మరి 2024లో లీటరు ముడిచమురు 42 రూపాయలైతే బంకులో ధర 109 దాటడమేమిటి? అసలు ప్రశ్న ఇదీ, సోదరీమణులారా. శుద్ధి ఖర్చు, రవాణా, బంకువాడి కమిషను కలిపితే 60 దగ్గరే ఆగాలి. మిగతాది పన్ను. 2024లో కేంద్రం ఎక్సైజు సుంకం లీటరు పెట్రోలు మీద 19 రూపాయల 90 పైసలు. మన రాష్ట్రం వ్యాట్ నూటికి 31 వంతులు, దాని పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల పేరుతో ఇంకో రూపాయి. అన్నీ కలిపితే లీటరు మీద 50 రూపాయలకు దగ్గర పడ్డాయి. రాష్ట్రం దాటి కర్ణాటకలోకో తెలంగాణలోకో అడుగుపెడితే ధర తేడా ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. బావి ఒకటే, రిఫైనరీ ఒకటే, పన్నులే వేరు.

2020 సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. కరోనా వచ్చి లోకమంతా ఇళ్ళలో కూర్చుంటే, ఏప్రిల్ నెలలో బారెలు 20 డాలర్లకు పడిపోయింది. మన బంకులో పడిందా? లేదు. మే నెలలో కేంద్రం పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయల చొప్పున సుంకం పెంచింది. చవకదనమంతా ఖజానాలోకి పోయింది. తర్వాత 2021 నవంబరులో పెట్రోలు మీద 5, డీజిలు మీద 10, 2022 మేలో 8, 6 చొప్పున తగ్గించారు. పన్ను తగ్గించిన మర్నాడు బంకులో ధర తగ్గింది. పందొమ్మిదేళ్ళు బావి తవ్వితే రానిది, ఒక్క రాత్రి ఉత్తర్వుతో వచ్చింది.

ప్రభుత్వం పన్ను వేయకూడదని నా ఉద్దేశం కాదు. బళ్ళు, ఆసుపత్రులు, పింఛన్లు ఆ డబ్బుతోనే నడుస్తున్నాయి. అయితే ధర ఎందుకు ఎక్కువగా ఉందని అడిగినప్పుడు ఆ సంగతి దాచి, "ఇంకా తవ్వితే తగ్గుతుంది" అని ఎవరైనా చెబితే మాత్రం మనం నమ్మకూడదు.

ఎక్కువ తవ్విన దేశాల అనుభవం ఎలా ఉందో కూడా చూడాలి. అమెరికావారు 2008లో రోజుకు 50 లక్షల బారెళ్ళు తీసేవారు. రాళ్ళ పొరల్ని చీల్చి తీసే పద్ధతి వచ్చాక 2023 నాటికి కోటి 29 లక్షలకు చేరారు. అంత సరుకు బజారులోకి వచ్చినందువల్ల కూడా, 2014 నడిమిలో 100 డాలర్ల పైనున్న బారెలు 2016 మొదట్లో 30 కిందికి దిగింది. ఇది ఒప్పుకోవలసిన మాటే. దేశమంతా మామిడి విరగకాయడమంటే ఇదే. కాని అదే అమెరికాలో, రష్యా-ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022 జూన్‌లో, గాలను పెట్రోలు 5 డాలర్లు దాటి, అక్కడి గృహిణులు కూడా గగ్గోలు పెట్టారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చమురు తీసే దేశమే ధరను పట్టి నిలపలేకపోయింది. నార్వేవారికి చమురు సముద్రమంత ఉంది. అక్కడ పెట్రోలు మహా ఖరీదు. ఎందుకంటే వాళ్ళు చమురు డబ్బును చవక పెట్రోలుగా తగలెయ్యలేదు. 1990లో చట్టం చేసి ఒక నిధి పెట్టారు. 1996 నుంచి అందులో వేస్తూ వచ్చారు. పోపుల డబ్బా అడుగున నోట్లు దాచే మనకు ఆ తెలివి కొత్త కాదు.

అయితే బావులు తవ్వడం దండగా? కాదు. లాభం ఉంది, కాని అది వేరే చోట ఉంది. మొదటిది, విదేశీ మారకం. 2023-24లో ముడిచమురు దిగుమతికి మనదేశం సుమారు 13 వేల కోట్ల డాలర్లు పోసింది. ఇంట్లో తీసిన ప్రతి బారెలూ అందులో తగ్గుతుంది. రెండోది, ఆపత్కాలం. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టినప్పుడు ధర కొద్ది నెలల్లో నాలుగింతలైంది. మరుసటి ఏడే మనవాళ్ళకు బొంబాయి హై దొరికి ఊపిరి పీల్చుకున్నాం. సరుకే దొరకని రోజున, ఇంట్లో ఉన్న నాలుగు గింజలే ఆదుకుంటాయి.

మూడోది మన వంటింటికి దగ్గరగా ఉన్నది, గ్యాసు. ముడిచమురును ఓడలో సులువుగా తేవచ్చు. సహజవాయువును తేవాలంటే గడ్డకట్టేంత చల్లబరచి ద్రవం చెయ్యాలి, మళ్ళీ గ్యాసుగా మార్చాలి, ఖర్చు ఎక్కువ. అందుచేత ఇక్కడ పడిన గ్యాసు ఇక్కడ చవక పడుతుంది. ఓఎన్‌జీసీ పాత బావుల గ్యాసుకు 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక గరిష్ఠ ధర పెట్టి, ఇళ్ళకు గొట్టాల్లో ఇచ్చే గ్యాసుకూ ఆటోల గ్యాసుకూ ఇస్తే, ఆ నెలలోనే చాలా నగరాల్లో ధర తగ్గింది. సిలిండరు సంగతి మాత్రం వేరు. అందులో వచ్చేది ఎల్పీజీ. దానిలో సగానికి పైగా దిగుమతే. దాని ధర సౌదీవారి ధరను పట్టుకుని నడుస్తుంది.

ఈ లాభాల పక్కనే నష్టం కాగితం కూడా పెట్టాలి. ఆ కాగితం కోనసీమ అక్కచెల్లెళ్ళ చేతిలో ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి అంటుకుంది. 65 రోజులు ఆరలేదు. ఇళ్ళు వదిలి, పిల్లల్ని చంకనేసుకుని జనం పరుగులెత్తారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు, అప్పుడే లేచి పనిలో పడ్డవాళ్ళు, పసిపిల్లలు. ఆ గొట్టం ఎక్కడికి పోయేదో తెలుసా? తాటిపాక నుంచి మా పక్కనున్న కొండపల్లి కరెంటు కేంద్రానికి. మన ఇంట్లో వెలిగే దీపానికి అవతలి చివర ఎవరి ఇల్లు ఉందో మనం ఎన్నడూ చూడం. "ఇంకా తవ్వండి, ఇంకా తవ్వండి" అనేముందు, ఆ ఇంటి ఆడపడుచు ఏమంటుందో కూడా అడగడం ధర్మం.

కనుక మనం అడగవలసిన ప్రశ్నలు మార్చుకుందాం. ఓట్ల కోసం గుమ్మంలోకి వచ్చినవారిని "ఎన్ని బావులు తవ్వుతారు?" అని అడిగితే చాలదు. ముడిచమురు తగ్గినప్పుడు ఆ తగ్గుదల మా దాకా ఎందుకు రాలేదని అడగండి. కేంద్రం పన్ను ఎంత, రాష్ట్రం పన్ను ఎంత అని విడివిడిగా అడగండి. నేలమీద తీసే చమురుకు రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, సముద్రంలో తీసేదానికి కేంద్రానికి పోతుంది. మన రాష్ట్రానికి వచ్చిన డబ్బులో బావులున్న పల్లెలకు ఎంత చేరిందని అడగండి. పాత గొట్టాలు చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారని అడగండి. వీటికి జవాబు చెప్పలేనివాడు, బావి పేరు చెప్పి పెట్రోలు చవక చేస్తానంటే, నవ్వి మజ్జిగ ఇచ్చి పంపండి.

మన చేతిలో ఉన్నది ఒకటుంది, వాడకం. దగ్గరలో ఉన్న బజారుకు నడిచి వెళ్ళడం, నాలుగు పనులు ఒక్క తిరుగుడులో ముగించుకోవడం, బస్సు ఉన్నచోట బస్సెక్కడం - వీటికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు, పందొమ్మిదేళ్ళు కాచుకోనూ అక్కర్లేదు. మిగిలిన డబ్బు ఈ నెల ఖాతాలోనే కనబడుతుంది.

గోదావరి సముద్రంలో ఇంకా చమురు పడాలనే కోరుకుందాం. పడితే దేశానికి మంచిదే. ధర తగ్గిందా లేదా అన్నది మాత్రం బావి వైపు కాక, బిల్లు వైపు చూసి తెలుసుకుందాం.